ఏట్లో నీళ్లున్నా కొళాయికి వంతెందుకు?

జూలై నెలాఖరులోనో ఆగస్టులోనో హొస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తారన్న కబురు వస్తే, రెండు మూడు రోజుల్లో కర్నూలు వంతెన మీద సాయంత్రాలు జనం కనబడతారు. బైకు పక్కన ఆపి, పిల్లల్ని గోడ దగ్గర నిలబెట్టి, ఎర్రగా సుడులు తిరిగే నీళ్లు చూసి ఇంటికి పోతారు. పోయాక మాత్రం పాత కథే. వీధి చివరి ఇంట్లో కొళాయి దారంలా కారుతుంది, బిందె నిండేసరికి పావుగంట. అదే సమయానికి మొదటి ఇంట్లో గేటు ముందు బండలకు పైపు పెట్టి కొడుతుంటారు. ఏట్లో ఇన్ని నీళ్లు పారుతుంటే నాలుగు బకెట్లు బండల మీద పోస్తే ఏమైపోయింది అన్నది ఆ మొదటి ఇంటి వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాగితం మీద లెక్క వేసినా మొదట ఆ వాదనే గెలుస్తుంది.

లెక్క చూద్దాం. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది కేంద్ర ప్రభుత్వ తాగునీటి మాన్యువల్ పెట్టిన కొలత. కర్నూలు జనాభాను సులువు కోసం 5 లక్షలు అనుకుంటే రోజుకు 6.75 కోట్ల లీటర్లు కావాలి. ఏడాదికి సుమారు 2,460 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. అంటే ఊరంతటికీ ఏడాది పొడవునా కావలసింది ఒక్క టీఎంసీ కూడా కాదు, 0.87 టీఎంసీ. ఊరికి ఎగువన ఉన్న సుంకేసుల బ్యారేజీ ఒక్కదానిలోనే 1.2 టీఎంసీలు పడతాయి. వరద రోజుల్లో నదిలో లక్ష క్యూసెక్కులు పారితే ఇరవై నాలుగు గంటల్లో 8.64 టీఎంసీలు దిగువకు వెళ్లిపోతాయి. ఒక్క రోజు వరదలో పదేళ్ల కర్నూలు తాగునీరు శ్రీశైలం వైపు కొట్టుకుపోతుందన్నమాట. దీనికితోడు ఊళ్లోంచి పారే హంద్రీ, కర్నూలు-కడప (కె.సి.) కాలువ. సీమలో ఏ ఊరికి ఉందీ వైభోగం? అనంతపురం వాళ్లకు ఈ లెక్క చెబితే నవ్వుతారు, లేదంటే ఏడుస్తారు.

ఈ లెక్కకు ఒక కత్తిరింపు మాత్రం ఉంది. సుంకేసుల నీళ్లు కర్నూలు కొళాయిల సొత్తు కాదు, అవి ముందు కె.సి. కాలువవి. ఏప్రిల్, మే వచ్చేసరికి తుంగభద్ర పడక ఇసుక మేటలతో తెల్లబడి, క్రికెట్ ఆడుకునేంత ఖాళీ అవుతుంది. అప్పుడు ఊరిని నడిపేది మునగాలపాడు దగ్గరి వేసవి నిల్వ చెరువు, అందరూ ఎస్‌ఎస్ ట్యాంకు అనేది. అయినా వేసవి సంగతి పక్కన పెడదాం. ఎండాకాలంలో నీళ్లు పొదుపుగా వాడాలంటే ఎవరూ కాదనరు. ఆగస్టులో, ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారేటప్పుడు కూడా ఆరుబయట నీళ్ల వాడకానికి నియమం కావాలా అన్నదే అసలు ప్రశ్న.

నియమం కావాలనే, నీళ్లు పుష్కలంగా ఉన్న నగరాలు చాలా కాలంగా చెబుతున్నాయి. కెనడాలో పసిఫిక్ తీరాన ఉన్న వాంకూవర్‌లో ఏడాదికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, మన కర్నూలుకు ఇంచుమించు రెట్టింపు. కొండల మీద మంచు, కింద మూడు పెద్ద రిజర్వాయర్లు. అయినా అక్కడ ఏటా మే 1 నుంచి అక్టోబరు 15 దాకా పచ్చిక తడపడానికి నియమాలు అమల్లో ఉంటాయి. కరువు వస్తే పెట్టేవి కావవి, క్యాలెండర్ ప్రకారం వాటంతటవే మొదలయ్యేవి. మొదటి దశలో పచ్చికకు వారానికి ఒక్క రోజే. ఇంటి నంబరు సరి సంఖ్య అయితే ఒక రోజు, బేసి అయితే ఇంకో రోజు, అదీ తెల్లవారుజామున కొన్ని గంటలు. రెండో దశకు పోతే పచ్చికకు నీళ్లే లేవు. 2023 ఆగస్టులో అలాగే చేశారు. మూడో దశలో కారు కడగడం కూడా బంద్, అద్దాలు, లైట్లు తుడుచుకోవచ్చు. కూరగాయల మడులకు మాత్రం మొదటి నుంచీ మినహాయింపు. తినే మొక్కకూ చూసే గడ్డికీ మధ్య గీత గీయడం బాగుంది. మన దగ్గర ఎవరైనా నియమం రాస్తే కాపీ కొట్టదగ్గ మాట ఇదొక్కటే అనిపిస్తుంది.

వాన ఊరికి ఈ తిప్పలెందుకంటే, అక్కడ వాన పడేది చలికాలంలో, గడ్డికి దాహం వేసేది ఎండాకాలంలో. వేడి రోజుల్లో ఆ నగరపు నీటి వాడకం ఒకటిన్నర రెట్లు అవుతుంది. శుద్ధి ప్లాంటు, పంపులు, పైపులు ఆ ఒకటిన్నర రెట్లకు సరిపోయేలా కట్టాలి. ఏడాదిలో రెండు నెలలు, రోజులో నాలుగు గంటలు గడ్డి తడపడం కోసం వేల కోట్లు పోసి పైపులు పెద్దవి చేయాలా, గడ్డిని కాస్త ఎండనివ్వాలా అని చూసుకుని, వాళ్లు రెండోదే చవక అనుకున్నారు. రిజర్వాయరులో నీటిమట్టం ఎంతుందన్నది ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే.

షికాగోది ఇంకో రకం కథ. మిషిగన్ సరస్సు ఒడ్డునే ఉన్న ఊరు. అవతలి గట్టు కనబడనంత సరస్సు. కానీ ఇల్లినాయ్ రాష్ట్రం ఆ సరస్సు నుంచి మళ్లించుకునే నీళ్లకు అమెరికా సుప్రీంకోర్టు 1967లో హద్దు పెట్టింది, 3,200 క్యూసెక్కులు. సరస్సు చుట్టూ వేరే రాష్ట్రాలున్నాయి మరి. అందుకని ఆ సరస్సు నీళ్లు తీసుకునే పట్టణాలు మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా పచ్చికకు రోజూ నీళ్లు పెట్టనివ్వవు, నడిమధ్యాహ్నం అసలే పెట్టనివ్వవు. కర్నూలు వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. కళ్లముందు కృష్ణా పరీవాహకం ఉంది, ఆ నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉంది, కె.సి. కాలువకు 39.9 టీఎంసీలు అన్న అంకె ఉంది. నీళ్లు కనబడటం వేరు, నీళ్లు మనవి కావడం వేరు.

కర్నూలు కొళాయి దగ్గర మాత్రం ఈ రెండు కారణాలకంటే గట్టి కారణం ఇంకోటి ఉంది. ఏటి నీళ్లు కొళాయి నీళ్లు కావాలంటే పంపు ఎత్తిపోయాలి, పటిక వేసి మడ్డి దించాలి, ఫిల్టర్ బెడ్ల ఇసుకలోంచి వడకట్టాలి, క్లోరిన్ కలపాలి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించాలి, అక్కడి నుంచి వాల్వు తిప్పి వీధికి వదలాలి. ఈ ప్రతి మెట్టుకూ గంటకు ఇంత అన్న హద్దుంది. వరదలో ఏరు పదింతలైనా ఫిల్టర్ బెడ్ అంగుళం పెరగదు. నిజానికి వరద నీళ్లలో మడ్డి ఎక్కువ కాబట్టి శుద్ధి ఇంకా కష్టమవుతుంది. 2009 అక్టోబరు 2న ఊరు మునిగినప్పుడు కర్నూలు దీన్ని అన్నిటికన్నా కఠినంగా చూసింది. మిద్దెల దాకా నీళ్లు, తాగడానికి బిందెడు లేవు.

ఇక అసలు కిటుకు, గంటల లెక్క. పెద్ద పట్టణాల్లో వీధి పైపులను సగటు వాడకానికి రెండింతలు తట్టుకునేలా వేయాలని మాన్యువల్ చెబుతుంది. ఇరవై నాలుగు గంటలూ కొళాయిలో నీళ్లుండే ఊరికి అది సరిపోతుంది. మన ఊళ్లలో నీళ్లు వదిలేది రోజులో కాసేపు. రెండు గంటలే వదులుతారనుకుంటే, రోజంతటి నీళ్లు ఆ రెండు గంటల్లోనే పైపులోంచి రావాలి, అంటే సగటుకు పన్నెండింతలు. వాంకూవర్ ఒకటిన్నర రెట్లకే నియమం రాసుకుంది. మనం పన్నెండింతల మీద కూర్చుని, బండలు కడగడానికి కూడా అదే సమయం చూసుకుంటున్నాం.

ఒక వీధిని దగ్గరగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఇరవై ఇళ్ల వీధి, గంటసేపు నీళ్లు, ఆ లైను నిమిషానికి 150 లీటర్లు ఇస్తుందనుకుందాం. గంటకు 9,000 లీటర్లు, ఇంటికి 450. ముగ్గురు నలుగురున్న ఇంటికి ఒక రోజుకు సరిగ్గా సరిపోతాయి. ఇప్పుడు మొదటి మూడు ఇళ్లు అరంగుళం పైపు తగిలించి ఇరవై నిమిషాలు బయట కొట్టాయి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున మూడిళ్లకు కలిపి 900 లీటర్లు. రెండిళ్ల వాటా. ఆ నష్టం ఇరవై ఇళ్లకూ తలా కాస్త పడితే ఎవరికీ తెలిసేది కాదు. పైపులో అలా జరగదు. ముందు ఇంట్లో నోరు తెరిస్తే ఒత్తిడి అక్కడే పడిపోతుంది, దెబ్బ మొత్తం పంతొమ్మిదో ఇంటికీ ఇరవయ్యో ఇంటికీ తగులుతుంది.

ఇరవయ్యో ఇల్లు ఊరికే ఉండదు కదా. కొళాయిని కిందికి దించుకుంటుంది. రోడ్డు మట్టం కంటే అడుగున్నర లోతున గుంత తవ్వి, దానికి సిమెంటు పూసి, అందులో కొళాయి పెట్టుకున్న ఇళ్లు సీమ పట్టణాల్లో ఏ పాత వీధికి పోయినా కనబడతాయి. ఇంటావిడ గుంతలోకి వంగి చెంబుతో పట్టి బిందెలో పోసుకుంటుంది. నీళ్లు ఆగిపోయాక గుంతలో మిగిలిన మురికిని పైపు ఖాళీ అయ్యేటప్పుడు లోపలికి లాక్కుంటుంది. గుంతతో లాభం లేదనుకున్నవాళ్లు లైనుకే మోటారు పెట్టి గుంజుతారు. పైపు ఎక్కడైనా పగిలి ఉండి పక్కనే మురుగు కాలువ ఉంటే, మోటారు గుంజేది ఏమిటో చెప్పనక్కర లేదు. మొదటి ఇంటి బండలకూ చివరి ఇంటి పిల్లాడి విరేచనాలకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని బండలు కడిగేవాళ్లు ఊహించరు. వాళ్ల తప్పు కూడా కాదది, వాళ్లకు కనబడే పైపులో నీళ్లు బాగానే వస్తున్నాయి.

ఆరుబయట నీళ్లు అనగానే పడమటి దేశాల్లో గుర్తొచ్చేది పచ్చిక. మన దగ్గర లాన్ అంటే కల్యాణ మండపాలకూ ఆఫీసు బంగళాలకూ పరిమితం. లెక్క కోసం చెప్పుకుంటే, చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల లాన్‌కు రోజుకు ఐదు మిల్లీమీటర్లు పెట్టినా 500 లీటర్లు, దాదాపు నలుగురు మనుషుల వాటా. కానీ సామాన్యుడి ఇంటి బయటి నీళ్లు వేరు. పొద్దున కల్లాపి. గేటు ముందు పరిచిన బేతంచెర్ల బండల కడుగుడు. సాయంత్రం దుమ్ము అణగడానికి వీధిలో చల్లే నీళ్లు. ఎండాకాలం రాత్రి పడుకోవడానికి మిద్దె చల్లబడాలని కొట్టే నీళ్లు. బైకు, ఆటో, ట్రాక్టరు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి నిషేధిస్తే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. కల్లాపికి ఒక బకెట్ చాలు, పదిహేను లీటర్లు. అదే పని పైపుతో చేస్తే అది నిమిషం నీళ్లు, పైపు పట్టుకున్న చేయి నిమిషంలో ఆగదు. మిద్దె సంగతీ అంతే. మూడు గంటలకు కాలిపోతున్న స్లాబు మీద కొడితే నీళ్లు ఆవిరైపోయి కాసేపటికి మళ్లీ కాలుతుంది. పొద్దు వాలాక బకెట్టుతో చల్లితే పడుకునే వేళకు పనికొస్తుంది.

అందరూ మరిచిపోయే పెద్ద పద్దు ఇళ్ల కట్టుబడి. కొత్త స్లాబు వేస్తే క్యూరింగ్, అంటే రోజుల తరబడి తడిపి ఉంచడం, తప్పదు. కాంక్రీటు ప్రమాణాల ప్రకారం ఎండ ప్రాంతాల్లో పది రోజులకు తగ్గకూడదు, ఇప్పుడు అందరూ వాడే మిశ్రమ సిమెంటుకైతే పద్నాలుగు. స్లాబు మీద చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెడతారు, అది మంచి పద్ధతే, నీళ్లు అక్కడే ఉంటాయి. దుబారా అంతా పిల్లర్ల దగ్గర, గోడల దగ్గర. కూలి మనిషి పైపు పట్టుకుని రోజుకు మూడు సార్లు గోడ తడుపుతాడు, సగం నీళ్లు గోడ తాగకుండానే పునాదిలోకి జారిపోతాయి. పిల్లరుకు గోనె పట్టా చుట్టి తడిపితే ఆ తడి గంటల తరబడి నిలుస్తుంది. మేస్త్రీలందరికీ తెలిసిన విషయమే ఇది. గోనె పట్టాలకు డబ్బులు పెట్టాలి, కొళాయి నీళ్లకు అక్కర లేదు, అంతే తేడా. ఎక్కువ ఇళ్ల కొళాయిలకు మీటరు లేదు, నెలకు ఇంత అని కడితే చాలు.

బోరు ఉంది కదా, బయటి పనులకు బోరు నీళ్లు వాడుకోమంటే సరిపోతుంది కదా అంటారు. కొంతవరకు నిజమే. కానీ బోరు నీళ్లు ఉప్పునీళ్లయితే బైకు మీద తెల్ల మచ్చలు, బండల మీద తెల్ల చారలు. అందుకే బోరున్న ఇంట్లో కూడా బైకు కడగడానికి కొళాయి నీళ్లే కావాలి. తాగాల్సిన నీళ్లతో బండి కడిగి, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను కొనుక్కునే ఇళ్లు ఎన్నో. పైగా భూమిలో నీళ్లు కూడా ఉమ్మడి సొత్తే, బోర్ల మీద 2002 నుంచీ నీళ్లు, నేల, చెట్ల పరిరక్షణకు పెట్టిన వాల్టా చట్టం ఉంది. ఎటొచ్చీ ఇళ్లలో ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు, వాషింగ్ మిషన్ ఆఖరి జాడింపు నీళ్లు మోరీలోకి పోతున్నాయి. బండలకు అవి పుష్కలంగా సరిపోతాయి. ఆర్‌ఓ వదిలేసిన నీళ్లలో ఉప్పు ఎక్కువ, మొక్కలకు రోజూ పోయకపోతే మంచిది.

పక్కనున్న బెంగళూరు అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు అక్కడి జలమండలి వాహనాలు కడగడానికి, తోటలకు, కట్టుబడికి తాగునీరు వాడకూడదని ఆంక్ష పెట్టింది, తప్పితే 5,000 రూపాయల జరిమానా. అదే ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమై రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా తెచ్చే ఏర్పాటు జరిగింది. పై లెక్క ప్రకారం పదకొండు కర్నూళ్లకు సరిపడే నీళ్లు. అయినా 2025 ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, అదే ఆంక్ష మళ్లీ వచ్చింది. నీళ్లు ఎక్కువ వచ్చినంత మాత్రాన నియమం అక్కర లేకుండా పోదని దీన్నిబట్టి తెలుస్తుంది. దేశం మొత్తం మీద చూస్తే, తాగునీటిని వృథా చేయడాన్ని అరికట్టాలని కేంద్ర భూగర్భజల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరులోనే పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థలు జరిమానాలతో సహా పద్ధతి పెట్టుకోవాలి. ఉత్తర్వు ఉన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినా బండలు కడిగేవాడి మీద పర్యావరణ చట్టం ప్రయోగించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

సరి, బేసి రోజుల నియమం మన దగ్గర పని చేస్తుందా? కష్టం. దానికి కాలువ గట్టు మీది అనుభవమే సాక్ష్యం. కె.సి. కాలువ కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. తల కర్నూలు దగ్గర, తోక కడప దగ్గర. నీళ్లు తగ్గిన ఏడు వారబందీ, అంటే వంతుల వారీ నీళ్లు, పెడతారు. వంతు వచ్చిన రైతు ఏం చేస్తాడు? మళ్లీ ఎప్పుడొస్తుందో అని, అవసరం ఉన్నా లేకున్నా మడి నిండా పెట్టేస్తాడు. ఇంటి నంబర్ల నియమానిదీ అదే జబ్బు. ఈ రోజు నా రోజు అనగానే పైపు తీస్తారు, గడ్డికి దాహం ఉందా లేదా ఎవరూ చూడరు. పైగా రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో సరి, బేసి అంటే ఒక వరుస ఇళ్లకు నెలంతా వంతు రాకపోవచ్చు.

కాబట్టి కర్నూలుకు పనికొచ్చే నియమం రోజు మీద కాదు, గంట మీద ఉండాలి. నీళ్లు వదిలిన సమయంలో లైను కొళాయికి పైపు తగలకూడదు, మోటారు తగలకూడదు. బిందెలు, సంపు, మిద్దె మీది ట్యాంకు నింపుకోవడమే. ఆ గంట దాటాక ఎవరి సంపులో నీళ్లతో వాళ్లు బండలే కడుక్కుంటారో బంతిపూల చెట్లకే పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం. తన వాటాలోంచి పోతుందని తెలిస్తే చేయి దానంతటదే బిగుస్తుంది. సంపు లేని ఇంటికి ఈ నియమంతో నష్టమేమీ లేదు, ఆ ఇంటివాళ్లు ఎటూ బయట పైపు కొట్టే స్థితిలో ఉండరు. కట్టుబడికి వేరే షరతు, కొళాయి నీళ్లు కాక బోరో ట్యాంకరో చూపించాకే అనుమతి. ఇది ఏడాది పొడవునా ఉండే మొదటి దశ. ఎస్‌ఎస్ ట్యాంకు మట్టం ఫలానా గీత దిగితే బయట కడుగుళ్లన్నీ ఆపడం రెండో దశ. ఆ గీత ఎక్కడో ముందే రాసి పెట్టాలి, మే నెలలో హడావుడిగా కాదు.

అమలు ఎవరు చేస్తారన్నది ఎప్పుడూ ఉండే చిక్కే. కాలువ మీద లస్కర్ ఉంటాడు, తూము దించేసి తాళం వేస్తాడు. తోకకు నీళ్లు పోవాలంటే ముందు తల దగ్గరి తూములు మూయాలని అతనికి ఎవరూ నేర్పనక్కర లేదు. పట్నంలో అతని జోడీ వాల్వు తిప్పే మనిషి. ఏ ఇంటికి మోటారుందో, ఏ గేటు దగ్గర పైపు చుట్ట వేలాడుతుందో అతనికి బాగా తెలుసు. కానీ అతని చేతిలో ఉన్నది వీధి మొత్తానికి ఒక వాల్వు. ఒక్క ఇంటిని మూయలేడు, మాట పడకుండా అడగనూ లేడు.

అయితే ఇంటింటికీ తూము లేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. వీధి పైపు నుంచి ఇంటికి కనెక్షన్ ఇచ్చే చోట, మట్టి కింద, ఫెర్రూల్ అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది. దాని రంధ్రం ఎంతో ఇంట్లోకి వచ్చే నీళ్లు అంత. రూలు ప్రకారం అందరికీ ఒకే సైజు. ప్లంబరును మంచి చేసుకుని పెద్దది వేయించుకున్నవాళ్లు వీధి మొదట్లోనే ఎక్కువగా ఉంటారన్నది ప్లంబర్లే చెప్పే మాట. ఒత్తిడి ఎక్కువున్న తల వైపు ఇళ్లకు కాస్త చిన్న రంధ్రం, తోక వైపు మామూలు రంధ్రం పెడితే, జరిమానా రాసే పని లేకుండా, ఎవరి గేటు ముందు ఎవరూ నిలబడే పని లేకుండా ఇరవయ్యో ఇంటికి నీళ్లు చేరతాయి. దీనికున్న ఇబ్బంది రోడ్డు తవ్వాల్సి రావడం. అదెలాగూ ఏడాదికోసారి ఏదో ఒక పేరుతో తవ్వుతూనే ఉన్నారు.